టమోటాలకు కుట్లు

డాక్టర్ గోపాలస్వామి ఆ ఉదయం ఇడ్లీలు సగంలోనే వదిలేసి లేచాడు. మదనపల్లె శివార్లలోని ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళుగా జూనియర్ డాక్టర్లకు కత్తి పట్టడం నేర్పుతున్న మనిషికి ఇవాళ ఆ జూనియర్లే మార్కులు వేయబోతున్నారు. పాఠం చూడటానికి పైనుంచి ఒక అధికారి కూడా వస్తున్నాడు. మార్కులు తగ్గితే రిటైరయ్యేదాకా ఆపరేషన్లు చేసుకోవడమే, ఇక పాఠం చెప్పే భాగ్యం ఉండదు.

కుప్పంలో తన గురువు దొరస్వామి నేర్పినట్టే నేర్పాలనుకున్నాడు. ఆయన మొదటి ఆర్నెల్లూ మనిషి మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. పండిన టమోటా తోలు కోసి, చిరగకుండా కుట్టమనేవాడు. కుట్టు తప్పినవన్నీ మధ్యాహ్నం పప్పులోకి వెళ్ళేవి. ఆ ఆర్నెల్లూ గోపాలస్వామి దారాలు ఏరుకుంటూ అన్నం తిన్నాడు.

"రెడ్డెప్పా, ఒక బాక్సు టమోటాలు తీసుకురాప్పా. బాగా పండినవి," అని అటెండరును పంపాడు.

మార్కెట్ యార్డులో రెడ్డెప్ప నోరు ఊరుకోలేదు. "ఆఫీసరు వస్తాండాడు. మా సారు టమోటాలు కోసి సూపిస్తాడంట," అన్నాడు. ఆ మాట మండీ దాటేసరికి 'కాయల్లో రోగముందంట' అయింది. పుంగనూరు బండ్ల దగ్గరికి చేరేసరికి 'ఆస్పత్రి చీటీ లేందే కొనరంట' అయింది.

పది గంటలకు గోపాలస్వామి గదిలోకి పెద్దపంజాణి రైతు నాగప్ప వచ్చాడు. డాక్టర్ తలెత్తకుండానే అడిగాడు.

"ఏమైందప్పా?"

"తోలు పగుల్తాండాది సార్. మచ్చలు పడినాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాన పడినప్పట్నుంచి. అడుగున మెత్తబడిపోతాండాది."

"అట్లనా? బోర్లా పడుకో, చూస్తా."

"నేను యాల పడుకోవాల సార్? బాక్సు బయట ఉండాది!"

బయటికి వచ్చి చూస్తే వరండా నిండా బాక్సులే. స్ట్రెచర్ల మీద కూడా టమోటాలే. వాటి మధ్య ఫైలు పట్టుకుని అధికారి సాయిప్రసాద్ చిక్కుకుపోయాడు. ఆయన్ని వ్యవసాయ అధికారి అనుకుని రైతులు తలా ఒక కాయ చేతిలో పెడుతున్నారు. తెల్లచొక్కా ఎర్రబడింది.

'అయిపోయింది నా పాఠం' అనుకుంటూనే గోపాలస్వామి ఆయన్ని లాక్కెళ్ళి తరగతిలో కూర్చోబెట్టాడు. చీటీ కోసం నాగప్పా వెంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఐదుగురు జూనియర్లు సూదులు పట్టారు. వాళ్ళలో కౌసల్య చేతిలో మూడు టమోటాలు వరసగా చిరిగాయి.

"చెయ్యి వదులు! వదులు!" అని అరిచాడు డాక్టర్. నాలుగోదీ చిరిగింది.

నాగప్ప ఇక చూడలేకపోయాడు. "బిగబట్టొద్దు తల్లీ. కోడిపిల్లను ఆనించుకున్నట్టు అరచేతిలో ఊరికే పెట్టుకో. నువ్వు జడుసుకుంటే అదీ జడుసుకుంటాది," అంటూ ఆమె మోచెయ్యి మెల్లగా తాకాడు.

గోపాలస్వామి అరవడం ఆపి నాగప్ప చేతినే చూశాడు. దొరస్వామి కూడా ఇలాగే వెనక నిలబడి, మోచెయ్యి తాకి, నెమ్మదిగా చెప్పేవాడు. కుప్పంలోని ఆ చిన్న గది, స్పిరిట్ వాసన, దూరంగా బెంగుళూరు రైలు కూత ఒక్కసారిగా చుట్టుముట్టాయి. ఆ మెత్తదనాన్ని తాను ఎప్పుడు వదిలేసి అరవడం మొదలుపెట్టాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఇంకోసారి చెప్పప్పా," అని స్టూలు లాగి, తానూ ఒక టమోటా తీసుకున్నాడు. అది చిరిగింది.

"మీరూ బిగబట్టినారు సార్," అన్నాడు నాగప్ప.

అందరికంటే ముందు గోపాలస్వామే నవ్వాడు. మధ్యాహ్నానికి ఐదుగురి టమోటాలూ చుక్క కారకుండా నిలిచాయి. కాయలకు ఏ రోగమూ లేదని, చీటీ అక్కర్లేదని రైతులకు నచ్చజెప్పి పంపేసరికి మాత్రం రెడ్డెప్ప గొంతు పోయింది.

రెండు వారాలకు ఫలితాల కవరు వచ్చింది. గోపాలస్వామి విప్పి చూశాడు. తనకు రెండో స్థానం, పాఠాలు కొనసాగించవచ్చు. మొదటి స్థానం డాక్టర్ నాగప్పది. 'ఎవరి దగ్గర ఎక్కువ నేర్చుకున్నారు' అన్న చోట ఐదుగురూ ఆ పేరే రాశారట.

అడుగున అధికారి ఒక మాట చేర్చాడు: 'డాక్టర్ నాగప్పగారు హాజరుపట్టీలో ఒక్కరోజు కూడా సంతకం చేయలేదు. సంజాయిషీ కోరవలెను.'