బండి అరిస్తేనే అమ్మకు నిశ్చింత

మోటార్ సైకిల్ ఎంత గట్టిగా అరిస్తే కన్నతల్లికి అంత ఆరోగ్యం. నవ్వకండి! రెండు పూటలా బీపీ మాత్రలు మింగే మనిషిని, అనుభవం మీద చెబుతున్నాను.

మా అమ్మాయి కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. వారమంతా జనాల ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తూ బుద్ధిగా ఉంటుంది. సెలవు రోజు వచ్చిందంటే చాలు, బండెక్కుతుంది. ఆ బండికి సైలెన్సర్ అన్నది పేరుకే. అది వీధి మొదట్లో తిరగ్గానే మా వంటింట్లో గిన్నెలు మోగుతాయి. నేను లేచి టీ నీళ్ళు పెడతాను. అవి మరిగేసరికి పిల్ల గుమ్మంలో ఉంటుంది. ఇంతకంటే నమ్మకమైన కబురు ఏ ఫోను తెస్తుంది? ఫోన్లో "వచ్చేస్తున్నానమ్మా" అని అబద్ధమాడొచ్చు. ఇంజను అబద్ధమాడదు!

లోకోపకారం మాత్రం తక్కువా? కింది వాటాలోని రిటైర్డ్ పోస్టుమాస్టరు అలారం గడియారం కట్టిపెట్టేశాడు. మేడ మీద పళ్ళ డాక్టరు దగ్గర పేషెంట్లు అడక్కుండానే నోళ్ళు తెరుస్తున్నారు. పదేళ్ళుగా మాటల్లేని ఎదురింటి తోడికోడళ్ళు మా బండిని తిట్టుకోవడానికి ఒక్కటయ్యారు. విడిపోయిన కుటుంబాన్ని కలిపిన శబ్దాన్ని పట్టుకుని న్యూసెన్స్ అంటారా?

అలాంటి శబ్దానికి లిమిట్ పెట్టారు!

ఎక్కడంటారా? ట్రాక్ డేలో. ట్రాక్ డే అంటే తెలియని తల్లులు అదృష్టవంతులు. అది పోటీ కాదు, బహుమతీ ఉండదు. ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని, రేసు ట్రాకు మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా ప్రాణాలకు తెగించి తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతారు. ఈ భాగ్యానికి ముందుగా దరఖాస్తు కూడా పెట్టుకుంటారు!

గేటు దాటగానే ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని ఉంటాడు. అందరూ ఆయన్ని మీటరు మాస్టారంటారు. చెవులకు డొప్పలు, చేతిలో టార్చిలైటంత మీటరు. సైలెన్సర్‌కి మూరెడు దూరంలో దాన్ని పట్టుకుని "రేజ్ చెయ్యి" అంటాడు. తొంభై ఎనిమిది డెసిబెల్స్ దాటిందా, బండి ఇంటికే. డెసిబెల్ అంటే ఏమిటో పదో తరగతితో ఆగిపోయిన నాకు తెలియదు. ట్రాకు అవతలి కాలనీలో మధ్యాహ్నం నిద్రలు చెడుతున్నాయని ఈ రూలు పెట్టారని మాత్రం తెలుసు.

అందుకని మా అమ్మాయి సైలెన్సర్ లోపల బ్యాఫిల్ అనే జానెడు గొట్టం బిగించుకుంది. అది పెడితే బండి జలుబు చేసినట్టు గుర్రుమంటుంది, అంతే. కంచె దగ్గర నిలబడ్డ నాకు ముప్ఫై బండ్లలో మా పిల్లది ఏదో తెలిసి చావదు. మలుపు వెనక బండ్లు మాయమైన ప్రతిసారీ నేను మనసులోనే ఆంబులెన్సు ఎక్కి, ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద కూర్చుని, డాక్టరు కాళ్ళు పట్టుకుని తిరిగొస్తాను. అవతల ఒక రౌండుకి రెండు నిమిషాలే!

పోయిన నెల ట్రాక్ డే ఇంకా ఘోరం. ఆ రోజు బాగా నడిపితే స్పీడు గ్రూపులోకి మారుస్తానని ఇన్‌స్ట్రక్టర్ మా అమ్మాయికి మాటిచ్చాడు. స్పీడు గ్రూపు! అంటే ఇన్నాళ్ళూ ఉన్న గ్రూపులో షికారు చేస్తున్నారన్నమాట!

పొద్దున్నే వ్యాన్‌లోంచి బండి దించి, అమ్మాయి సంతకాలు పెట్టడానికి వెళ్ళింది. నేను టూల్ బాక్సు తెరిచి, ఒకే ఒక్క బోల్టు విప్పి, ఆ గొట్టాన్ని లాగి, నా హ్యాండ్‌బ్యాగులో మాత్రల డబ్బా పక్కన దాచాను. బిడ్డ బండి చప్పుడు వినాలని తల్లికి ఉండదా?

"నూట ఆరు," అన్నాడు మాస్టారు చెవి డొప్ప సర్దుకుంటూ. "ఇది బండా, రోడ్డు రోలరా?"

"నిన్న ఇంటి దగ్గర తొంభై ఆరే వచ్చింది అంకుల్! ప్లీజ్, ఇంకొక్కసారి చూడండి."

"చూస్తే తగ్గుతుందా తల్లీ? వ్యాన్ ఎక్కించెయ్."

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. చప్పుడు వినడానికి తీయలేదు, టెస్టు పోవాలనే తీశాను. ఎక్కడో పడుకున్నవాళ్ళ కోసం ఒక రూలుంది. కళ్ళెదుట పడిపోబోయే పిల్ల కోసం లేదు. మరి ఉన్న రూలునే వాడుకోవాలిగా!

అమ్మాయి ఏడవలేదు, కేకలెయ్యలేదు. గ్లోవ్స్ తీసి, జత కలిపి, ఒళ్ళో పెట్టుకుని వ్యాన్ మెట్టు మీద కూర్చుంది.

"పోన్లేవే, ఇంటికెళ్ళి హాయిగా పడుకో," అన్నాను.

"సరేనమ్మా," అంది.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా మాటకు సరే అంది! ఇలాంటి పిల్లని ఇంటికి తీసుకెళ్ళి నేనేం చేసుకోను? హ్యాండ్‌బ్యాగు తెరిచి గొట్టం తీసి దాని ఒళ్ళో పడేశాను.

"ఇది నీ దగ్గరెందుకుందే అమ్మా?"

"భయమేసింది."

"భయమా? నువ్వు రోజూ తిడుతున్నావనుకున్నానే!"

"రెండూ ఒకటేనే మొద్దూ!"

అది పకపకా నవ్వి, గొట్టం బిగించుకుని, మాస్టారికి నా నిర్వాకమంతా చెప్పి మళ్ళీ టెస్టు చేయించుకుంది. ఈసారి తొంభై ఆరు. హెడ్‌లైటు మీద పచ్చ స్టిక్కరు పడింది.

టెస్టులయ్యాక మాస్టారు ట్రాకు పక్కనున్న పెద్ద మీటరు దగ్గరికి మారాడు. వెళ్ళేవాడు వెళ్ళక నన్ను పిలిచాడు. "ఇలా వచ్చి నా పక్కన కూర్చోండమ్మా. ఇన్నేళ్ళ సర్వీసులో బండి శబ్దం పెంచిన తల్లిని మిమ్మల్నే చూశాను. కళ్ళెదుట ఉంటే నాకూ ధైర్యం."

దాటిన ప్రతి బండి నంబరూ, దాని పక్కన శబ్దమూ ఆయన రిజిస్టరులో రాయాలి. "నలభై ఒకటి. మీ అమ్మాయే. తొంభై ఐదు," అనేవాడు. రెండు నిమిషాలకోసారి నా పిల్ల క్షేమంగా ఉందని గవర్నమెంటు కాగితంలా రాసిచ్చే మనిషి దొరికాడు! మూడు రౌండ్లు నేను ఊపిరి కూడా పీల్చుకున్నాను.

నాలుగో రౌండులో చివరి మలుపు దగ్గర కనిపించింది. బండి పక్కకి వాలిపోయి ఉంది. మోకాలు నేలకి బెత్తెడు దూరంలో ఉంది. నేను లేచి నిలబడి "జాగ్రత్తే!" అన్నాను. అరిచానని మాస్టారు అంటాడు.

అది వినబడిందో లేదో గాని, బండి నిటారుగా లేచి, తుర్రుమని వెళ్ళిపోయింది. సాయంత్రానికి అమ్మాయిని స్పీడు గ్రూపులోకి మార్చేశారు కూడా.

మీటరు మాత్రం నూట రెండు చూపించింది. మాస్టారు పెన్ను పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నంబరు?"

"నంబరేమిటండీ, తల్లిని."

ఆయన అలాగే రాసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా మా ఇంట్లో ఒక్కరూ చెవిన పెట్టని మాటని, మొదటిసారి ఒక మనిషి కాగితం మీద పెట్టాడు.