యెహెజ్కేలు గారి గంజాయి సాక్ష్యం

కెనడా, విండ్సర్‌లోని మా తెలుగు క్రైస్తవ సహవాస సభ్యులు యెహెజ్కేలు గారు ఏనాడూ గంజాయికి బానిస కాలేదని తీవ్ర విచారంతో తెలియజేస్తున్నాం.

మా సంఘంలో మైకు పట్టుకుని, దేవుడు తననెలా మార్చాడో సాక్ష్యం చెప్పాలంటే చెప్పుకోదగ్గ పాపం ఉండాలి. భీమవరం నుంచి వచ్చిన ఈయన దగ్గర ఆ సరుకు లేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక్కటంటే ఒక్క దమ్ము లాగి, దగ్గలేక చచ్చి, మజ్జిగ తాగి పడుకున్నారు. ఇంత పాపానికి మైకెవరిస్తారండీ? అందుకే కాస్త పెంచారు. ఈస్టరుకు దమ్ము పొట్లమైంది. క్రిస్మస్‌కు ఆయన మురిక్కాలవలో తేలారు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆ వీడియోను మేమే యూట్యూబ్‌లో పెట్టాం.

ఇంతలో కార్ల ప్లాంటులో ఆయన కాంట్రాక్టు అయిపోయింది. అదృష్టవశాత్తూ ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. గతమంతా ఆరా తీసి ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ ఒక్కటే తరువాయి. డోనట్ల కొట్టు పక్కనే గంజాయి కొట్టుండే దేశం కదా, పాత అలవాటు చెబితే ఉద్యోగం పోదట. అబద్ధం చెబితేనే పోతుందట.

ఇంటర్వ్యూలో ఆయన నిజాయితీగా "ఒక్క దమ్ము" అన్నారు. ఆఫీసరమ్మ లాప్‌టాప్ ఇటు తిప్పింది. మురిక్కాలవ సాక్ష్యం! ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మా యువజన విభాగం వేసినవే. ఒక్క తప్పు లేదు.

"అందులో చెప్పింది నిజం కాదు మేడమ్," అన్నారు యెహెజ్కేలు గారు.

"అయితే దేవుడి ముందు అబద్ధం చెప్పారా?" అందావిడ.

"దేవుడికి ఒక్క దమ్మేనని తెలుసు మేడమ్. జనానికే పెంచి చెప్పా."

ఆవిడ పగలబడి నవ్వింది. కొన్నాళ్లకు క్లియరెన్స్ వచ్చేసింది.

ఇంట్లో మాత్రం ఆయన భార్య సలోమి గారు ఊరుకోలేదు. "మా అమ్మ ఇన్నాళ్లూ మీ కోసం ఉపవాసాలుంటోందండీ! ఆదివారం వెళ్లి అసలు సంగతి చెప్పండి."

ఆయన చెప్పారు. ఒక్కరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారైతే పక్కకు పిలిచి, "బ్రదర్, ఎంత మంచి సాక్ష్యం పాడుచేశారు! కనీసం రెండు మూడు దమ్ములైనా లాగి ఉండరా?" అని ఆశగా అడిగారు.

ఇప్పుడు మైకు కాల్గరీ నుంచి వచ్చిన ఇమ్మాన్యుయేల్ గారిది. ఆయన జైలుకు కూడా వెళ్లొచ్చారట. మేమెవరమూ ఆరా తీయలేదు.

గతంలో తప్పు చేసినవాణ్ణి ప్రభుత్వమే క్షమించేస్తోంది. ఏ తప్పూ చేయకుండా మా కన్నీళ్లన్నీ వృథా చేసినవాణ్ణి క్షమించడానికి మాత్రం మాకింకా మనసొప్పడం లేదు.