మొండి తాటిమానుకు శిలాఫలకం

అడవిని కాపాడాలంటే ముందుగా కావలసింది సిమెంటు! ఆ తర్వాత రంగులు, ఆ తర్వాత మైకు. చెట్లూ పిట్టలూ అంటారా? స్థలం మిగిలితే చూసుకోవచ్చు.

నమ్మరా? అయితే ఎల్బీనగర్‌లో హయత్‌నగర్ వైపు వెళ్ళే బస్సెక్కండి. ఎక్కడ దిగాలో కండక్టర్ని అడగనక్కర్లేదు. రోడ్డు పక్కన సిమెంటు జిరాఫీ మెడ కనపడగానే దిగిపోండి. దాని వెనకాల నలభై ఎకరాల చిట్టడవి ఒకటి ఉంది. దాన్ని పట్టించుకోకండి, జిరాఫీని చూడండి.

ఆ చిట్టడవికి కాపలాదారు మట్టయ్య. నల్గొండ దిక్కు పల్లెలో తాళ్ళెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ కిందట పట్నం వచ్చి ఈ గేటు దగ్గర కుదురుకున్నాడు. స్కూలు పిల్లలొస్తే అడవి చూపించడం కూడా అతని పనే.

పాపం, అతనికి ఆధునిక ప్రకృతి విద్య తెలియదు. పిల్లల్ని ఓ పొద ముందు కూర్చోబెట్టి, "సప్పుడు చెయ్యకుండ్రి. జరసేపు జూస్తే అదే బయటికొస్తది," అనేవాడు. ఏమిటా వచ్చేది? ముంగిస! లేకపోతే తొండ! పావుగంట నోరు మూసుకుని తొండ కోసం ఎదురుచూడటం కూడా ఒక చదువేనా? దానికి మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు, స్కూలు గ్రూపులో పెట్టుకోవడానికి ఫొటో లేదు. పిల్లలు మాత్రం ఇంటికెళ్ళి వారం రోజులు ఆ తొండ గురించే చెప్పేవారట.

ఇలాంటి సమయంలో వనస్థలిపురం నుంచి పట్టాభిగారు వచ్చారు. రిటైర్డ్ ఇంజనీరు. చుట్టుపక్కల కాలనీల పెద్దలు పెట్టుకున్న ప్రకృతి మిత్ర సంఘానికి అధ్యక్షులు. ఉద్యోగమంతా కల్వర్టులు కట్టారు. వారికి చెట్లంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, చెట్టు కనపడితే చుట్టూ ఒక గట్టు కట్టించందే కాఫీ తాగలేరు.

వారి హయాంలో జిరాఫీ వచ్చింది, జీబ్రా వచ్చింది, నోరు తెరుచుకున్న పెంగ్విన్ వచ్చింది. పెంగ్విన్ నోట్లో చెత్త వేయాలి. నాలుగు పెద్ద స్పీకర్లు కూడా వచ్చాయి. "నిశ్శబ్దం పాటించండి! పక్షులను భయపెట్టకండి!" అని అయిదు నిమిషాలకోసారి అవి దద్దరిల్లిపోయేలా చెబుతాయి. మధ్యమధ్య రికార్డు చేసిన కోకిల పాట వేస్తాయి. లోపల అసలు కోకిల ఒకటి ఉండేది. పోటీకి తట్టుకోలేక బాలాపూర్ వైపు వెళ్ళిపోయిందని మట్టయ్య అనుమానం. వెళ్ళనివ్వండి! అది ఎప్పుడు కూస్తుందో దానికే తెలియదు. మన కోకిల ఠంచనుగా కూస్తుంది, ఆదివారం సెలవు కూడా అడగదు.

ఇక సిమెంటు బెంచీలు. ప్రతి బెంచీకీ ఒక దాత, ప్రతి దాతకూ ఒక స్వర్గస్థుడైన తండ్రి. వాటిలో ఒక బెంచీని మేస్త్రీ పొరపాటున వాకింగ్ ట్రాక్ నడిమధ్యలో కట్టేశాడు. రోజుకు ఇద్దరి మోకాళ్ళు దానికి కొట్టుకునేవి. పట్టాభిగారు దాన్ని రెండడుగులు పక్కకు జరిపించబోయారు. గంటలో ఆ స్వర్గస్థుడి ముగ్గురు కొడుకులూ ఇద్దరు అల్లుళ్ళూ కార్లలో దిగారు. "మా నాయిననే జరుపుతరా?" అని నిలదీశారు. పట్టాభిగారు బెంచీకి దండ వేసి, దండం పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి జనమే చుట్టూ తిరిగి నడుస్తున్నారు.

ఇంతటి అభివృద్ధిలో ఒక్కటే మచ్చ. అడవి నడుమ ఒక మొండి తాటిమాను ఉంది. ఎప్పుడో పిడుగు పడి తల పోయింది. ఆకు లేదు, కాయ లేదు, నీడ అసలే లేదు. పైన మాత్రం ఒక తొర్ర. ఏటా ఎండాకాలం ఆ తొర్రలో ఒక పాలపిట్టల జంట పిల్లల్ని చేస్తుంది. ఆ జంటంటే మట్టయ్యకు ఇంటి ఆడపడుచుల మీద ఉండేంత ప్రేమ. ఆ మాను పోతే వాటికి ఇంకో ఇల్లు లేదు. చుట్టుపక్కలన్నీ మన ఇళ్ళే కదా!

దసరా రెండు వారాలుందనగా సంఘం మీటింగు పెట్టి తీర్మానించింది. తాటిమానును కొట్టేసి, అక్కడే ఎనిమిదడుగుల సిమెంటు పాలపిట్టను ప్రతిష్ఠించాలి! ఎంత దూరదృష్టి! దసరా నాడు జమ్మి ఆకు పంచుకుని పాలపిట్టను చూస్తేనేగా మనకు పండగ. ఆ పిట్ట కోసం జనం కరెంటు తీగల వైపు చూస్తూ బండి నడిపి డివైడర్లు ఎక్కిస్తున్నారు. ఇక ఆ బాధ తప్పుతుంది.

మట్టయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, గా మొద్దుల పాలపిట్ట పిల్లల్ని జేస్తది. కొట్టకుండ్రి."

"నీ పిట్ట ఎంతుంటుందయ్యా? జానెడు! మేం పెట్టేది ఎనిమిదడుగులు. అయినా నేచర్ పార్కులో ఎండిపోయిన మోడేవిటి, అసహ్యంగా?" అన్నారు పట్టాభిగారు.

ఎనిమిదడుగులు ఎక్కడ, జానెడు ఎక్కడ! మట్టయ్యకు లెక్కలు రావు కాబట్టి ఏడుపొచ్చింది. ఆ పొద్దు ఇంటికెళ్ళినా ముద్ద దిగలేదు. అతని భార్య సైదమ్మ సంగతంతా విన్నది.

"మరి గా బెంచీని ఎందుకు జరపకపోయిండ్రు?" అని ఒక్క మాట అడిగింది.

మట్టయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని, రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ పోయి, నేమ్ బోర్డులు చెక్కే దుకాణంలో ఒక నల్లరాయి చెక్కించుకొచ్చాడు. 'కీర్తిశేషులు బిక్షమయ్య జ్ఞాపకార్థం. కుమారుడు మట్టయ్య.' దాన్ని తాటిమాను మొదట్లో పాతాడు. బంతిపూల దండ వేశాడు. రెండు అగరొత్తులు ముట్టించాడు.

చెట్లు కొట్టే రంపం మిషన్‌తో వచ్చినవాళ్ళు రాయి చదివి, చెప్పులు విడిచి, దూరంగా కూర్చుని పట్టాభిగారికి ఫోను చేశారు. ఆయన ఆయాసపడుతూ వచ్చారు.

"ఏవిటయ్యా మట్టయ్యా ఇది?"

"మా నాయిన సారూ. బతికినన్ని దినాలు తాళ్ళెక్కిండు. గిప్పుడు గీడ ఉన్నడు. కొట్టమంటే కొట్టుండ్రి సారూ. మా నాయిననే గద."

పట్టాభిగారు రాయిని చూశారు. మానును కింది నుంచి పైదాకా చూశారు. మట్టయ్యకు అన్నదమ్ములెంతమంది అని మెల్లిగా వాకబు చేశారు. చివరకు తానూ చెప్పులు విడిచి దండం పెట్టారు. సిమెంటు పాలపిట్టను మెయిన్ రోడ్డు మీద, గేటు పక్కన పెట్టాలని నిలబడ్డ చోటే తీర్మానం సవరించారు.

దసరా రోజు చూడాలి ఆ వైభోగం! గేటు దగ్గర ట్రాఫిక్ జామ్. కొత్త బట్టలేసుకున్న జనం సిమెంటు పిట్టకు మొక్కారు, కాళ్ళ దగ్గర జమ్మి ఆకులు పెట్టారు, ముక్కుకు కుంకుమ రాశారు, కొబ్బరికాయలు కొట్టారు, సెల్ఫీలు దిగారు. ఈసారి పాలపిట్ట చాలా దగ్గరగా కనపడిందని మురిసిపోయారు. లోపలికి మాత్రం ఒక్కరూ అడుగు పెట్టలేదు.

లోపల మట్టయ్య, సైదమ్మ తాటిమాను ముందు కూర్చుని ఉన్నారు. పైనున్న పాలపిట్ట గడ్డిలోకి దూకింది. రెక్కలు విప్పగానే ఎక్కడెక్కడి నీలం రంగంతా ఒక్కసారి కనపడింది. మిడతను పట్టుకుని మళ్ళీ మాను మీదికెక్కింది. మట్టయ్య గుండె నిండిపోయింది. అంత మంచి పండగ పట్నమొచ్చినంక ఎన్నడూ చేసుకోలేదని సైదమ్మ అన్నది.

పండగ తెల్లారి సంఘం మళ్ళీ సమావేశమైంది. దసరా దర్శనం బ్రహ్మాండంగా జరిగిందని అందరూ అందరినీ అభినందించుకున్నారు. ఒక్కటే లోటు, భక్తులకు పార్కింగ్ లేదు. గేటు వెనకాల అయిదెకరాలు ఊరికే చెట్లతో నిండి ఉన్నాయని పట్టాభిగారు గుర్తించారు. తీర్మానం అయిపోయింది.

ఈసారి మట్టయ్య బతిమాలలేదు. పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ కాలనీల మీద పడ్డారు. గడప గడపకీ వెళ్ళి తలుపు కొడుతున్నారు.

"అమ్మా, మీ ఇంట్ల పోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఒక వేపచెట్టు ఖాళీగున్నది."

మీరూ ఒక పేరు ఇవ్వండి సార్! మన దగ్గర చెట్టు బతికి ఉందంటే ఏ యంత్రమూ ఆగదు, మనిషి పోయాడంటే ఆగుతుంది. పోయినవారు మహానుభావులే కానక్కర్లేదు. బతికుండగా వాకిట్లో చెట్టు కొట్టించి కారు షెడ్డు వేసుకున్నవారైనా పరవాలేదు. కాస్త త్వరగా చెప్పండి. సోమవారం పొక్లెయిన్ వస్తోంది, ఇంకా మూడు వందల చెట్లకు మనిషి దొరకలేదు.