ఎర్రకార్డు ఎవరిది?

ఆ శనివారానికి జయమణి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికి కరెంటు మెయిన్ ఆపాలి. పదకొండులోగా వంటింటి లైటుకి గుమ్మం దగ్గరొకటి, వెనక తలుపు దగ్గరొకటి స్విచ్చులు బిగించాలి. ఏది నొక్కినా లైటు వెలగాలి, ఏది నొక్కినా ఆరాలి. హైదరాబాదులో కూర్చున్న పరీక్షకుడు ఇదంతా ఫోన్లో చూస్తాడు. ఇళ్ళ వైరింగు నేర్పే ఆన్‌లైన్ కోర్సులో ఎనిమిది నెలలు కళ్ళు కాయలు కాచేలా పాఠాలు చూసిన మనిషికి మిగిలింది ఆ ఒక్క గంట.

పైగా అది ఆఖరి గంట. మొదటిసారి పరీక్షలో వానకి నెట్టు పోయింది. రెండోసారి నెట్టు నిక్షేపంగా ఉంది గానీ, భర్త శుభాకర్ స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని, "జయా, నా బనీనేదీ?" అంటూ కెమెరా ముందు నుంచి నడిచి వెళ్ళాడు. పరీక్షకుడు మర్యాదస్తుడు కాబట్టి లింకు కట్ చేశాడు. మూడోసారీ తప్పితే మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి.

ఈలోగా ఉద్యోగం చెయ్యిజారిపోతుంది. గాజువాకలో వాళ్ళ వీధి చివరే ఒక ఆడపిల్లల హాస్టలుంది. ఫ్యాను బాగుచేయడానికి మగ మనిషి వచ్చిన ప్రతిసారీ పిల్లలు గదులు ఖాళీ చేసి వరండాలో నిలబడాల్సి వస్తోందని వార్డెను కుసుమకుమారి విసిగిపోయి ఉంది. "సోమవారం సర్టిఫికెట్టు పట్టుకొస్తే పని నీదే. లేకపోతే నా దారి నేను చూసుకుంటాను" అని తేల్చి చెప్పింది.

అందుకే పోర్టులో రాత్రి డ్యూటీ చేసి ఏడింటికి ఇల్లు చేరిన శుభాకర్‌ని మంచం దగ్గరే పట్టుకుంది జయమణి.

"పదింటికి మెయిన్ ఆపేత్తాను. ఫ్యాను తిరగదు. నువ్వు లెగవకు, వంటింట్లోకి రాకు, నన్నేటీ అడక్కు. ఇన్నావా?"

"ఊఁ" అన్నాడు శుభాకర్, కళ్ళు మూసుకునే.

పద్దెనిమిదేళ్ళ కాపురం తర్వాత కూడా ఆ ‘ఊఁ’ని ఆమె నమ్మింది.

పదికి ఐదు నిమిషాలుండగా మెట్ల కింద ఉన్న మీటర్ల బోర్డులో తమ మెయిన్ ఆపింది. పొరపాటున ఎవరూ వేయకుండా కోర్సులో చెప్పినట్టు దానికి ఎర్రకార్డు తగిలించింది. పైన పుర్రె బొమ్మ. దాని కింద ‘మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయరాదు’ అని అచ్చు. ఆ కింద పేరూ, ఫోన్ నంబరూ రాయడానికి ఖాళీ. కార్డు మీద ప్లాస్టిక్ పొర ఉండటంతో పెన్ను ఎంత రుద్దినా అక్షరం పడలేదు. అవతల టైమవుతోంది. ఖాళీని ఖాళీగానే వదిలేసి మూడంతస్తులూ పరుగున ఎక్కింది. వంటింటి తలుపు వేసుకుని, ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పనిలోకి దిగింది.

కాసేపటికే శుభాకర్ చెమటలు కక్కుతూ లేచాడు. కరెంటు పోతే మనవాళ్ళు మొదట చూసేది ఫ్యూజుని కాదు, పక్కింటిని. అందరికీ పోతే అదో తృప్తి. అతనూ బాల్కనీలోకి వచ్చి పక్క ఫ్లాటు వరహాలుని కేకేశాడు.

"బావా! మీకుందా?"

"ఉంది బావ, టీవీ సూత్తన్నాను. మీకు నేదా?"

శుభాకర్ వంటింటి తలుపు వైపు చూశాడు. తమ ఇంటికి ఒక్కదానికే పోయింది, అదీ భార్య పరీక్షలో ఉండగా! ఆ చీకటి వంటింట్లో ఆమె పరీక్ష ఎలా రాస్తుంది? పొద్దున ఆమె చెప్పిన మాటల్లో ‘వంటింట్లోకి రాకు’ అన్నదొక్కటే అతని బుర్రలో మిగిలింది. పోయినసారి తువ్వాలు పాపం ఎలాగూ తనదే. ఈసారి ఆమెకి తెలియకుండా కరెంటు తెప్పించి ఆ పాపం కడుక్కుందామనుకున్నాడు. నిజంగా ప్రేమతోనే కిందికి దిగాడు.

బోర్డు మీద ఎర్రకార్డు కనబడగానే చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోర్టులో ఇరవై రెండేళ్ళుగా క్రేను నడుపుతున్న మనిషి. అక్కడ ఎర్రకార్డుని తగిలించినవాడే తీయాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే ముట్టుకోడు. పేరు కోసం చూశాడు. లేదు. పద్ధతి తెలిసినవాడు కాబట్టి లైన్‌మన్ వీరేంద్రకి ఫోన్ చేశాడు.

వీరేంద్ర బైకు మీద వచ్చి కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవడెట్టాడిది?"

"నాకేటి తెలుసు? మీవోళ్ళే అనుకున్నాను."

"మావోళ్ళెడితే నాకు సెప్పరా?"

ఆఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్ళకీ తెలియదు. ఈలోగా వరహాలు టీవీ వదిలేసి వచ్చాడు. ఊరికే నిలబడటం ఇష్టంలేక మేడ మీదికి వెళ్ళి చూసి, అరుచుకుంటూ దిగాడు.

"మేడ మీద నిచ్చెనుంది బావ! దాని కింద సెప్పులున్నాయి! మనిషి మాత్రం నేడు!"

వీరేంద్ర తలెత్తి చూశాడు. మేడ పక్క నుంచే వీధి లైను పోతుంది.

"ఎవడో లైను మీదున్నాడు. ఆడు దొరికీదాకా ఈదంతా కరెంటు నేదు" అంటూ పరిగెత్తి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వీధి మొత్తానికీ ఆపేశాడు.

నిజానికి అతని తప్పేమీ లేదు. ఆ పూట అందరూ పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు, ఒళ్ళు మండించే విషయమే అది.

పది నలభైకి వీధి నిండా జనం. మిక్సీలో చట్నీ ఆగినవాళ్ళు, మోటారు ఆగి తలకి నురగతో బయటపడ్డవాళ్ళు, అందరూ మెడలెత్తి తీగల మీద మనిషిని వెతుకుతున్నారు. నీళ్ళ ట్యాంకు కడగడానికి వచ్చి, మధ్యలో చెప్పుల్లేకుండానే టీకి వెళ్ళిన పైడయ్య అప్పుడే తిరిగొచ్చాడు.

"ఎవుల్ని ఎతుకుతన్నారు బాబూ?"

"సెప్పులిప్పీసి పైకెల్లినోణ్ణి. ఏటైపోనాడో తెలీదు" అన్నాడు వరహాలు.

"అయ్యో పాపం" అని పైడయ్య కూడా పైకి చూశాడు.

పది యాభైకి జయమణి ఆఖరి స్క్రూ బిగించింది. "బాగుందమ్మా. ఇక మెయిన్ వేసి లైటు చూపించండి" అన్నాడు పరీక్షకుడు. ఇయర్‌ఫోన్లు పీకేసి, ఫోన్ చేత్తో పట్టుకుని కిందికి దిగిన జయమణికి ఆ జాతరేమిటో అర్థం కాలేదు. తోసుకుంటూ వెళ్ళి కార్డు మీద చెయ్యి వేసింది. శుభాకర్ కెవ్వుమన్నాడు.

"ముట్టుకోకు జయా! తగిలించినోడే తియ్యాల!"

"తగిలించింది నానే!"

కార్డు లాగేసి ఆమె మెయిన్ వేసింది. మీటర్లో చుక్క లైటు కూడా వెలగలేదు.

"కరెంటేదీ?"

"పనిలో ఉన్న మనిషి దొరక్కుండా నానెయ్యను" అన్నాడు వీరేంద్ర.

"ఆ మనిషిని నానే!"

"మరి మేడ మీద సెప్పులో?"

"అయ్యా... అవి నావి" అన్నాడు పైడయ్య, వెనక నుంచి, మెల్లగా.

చేతిలో ఫోన్ మాట్లాడింది. "అమ్మా, ఐదు నిమిషాలే ఉంది. లింకు దానంతటదే మూసుకుపోతుంది, ఆపడం నా వల్ల కాదు."

జయమణి ఏడుద్దామనుకుంది గానీ కోపం ముందొచ్చింది.

"ఈరేంద్రా! సూత్తావేటి? పరిగెట్టు!"

వీధి దద్దరిల్లింది. వీరేంద్ర ట్రాన్స్‌ఫార్మర్ వైపు, జయమణి మెట్ల వైపు పరుగు తీశారు. పది యాభై తొమ్మిదికి వంటింట్లో లైటు వెలిగింది. గుమ్మం దగ్గర ఆర్పింది, వెనక తలుపు దగ్గర వెలిగించింది. అంతలో లింకు మూసుకుపోయింది. ఆమె వంటింటి నేల మీదే కూలబడి భోరుమంది.

అరగంటకి ఫలితం వచ్చింది. కార్డు మీద పేరు లేనందుకు పది మార్కులు కోసేసినా, రెండు మార్కుల తేడాతో పాసయింది. కింద పరీక్షకుడి మాట ఒకటుంది: ‘భద్రతా నియమాల పట్ల అభ్యర్థి భర్త చూపిన క్రమశిక్షణ ప్రశంసనీయం.’ శుభాకర్ దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. మూడోసారికి జయమణి ఫోన్ లాక్కుంది.

అదే సమయానికి అది మోగింది. వార్డెను కుసుమకుమారి.

"జయమణీ, ఎవడో దిక్కుమాలినవాడు కార్డు తగిలించి వీధంతా కరెంటు తీయించాడట! నా పిల్లలు అరవైమంది సగం స్నానాలతో నిలబడిపోయారు. నువ్వొక్క అరుపు అరిస్తే లైన్‌మన్ పరిగెత్తాడట కదా, మా వంటమనిషి చూసొచ్చి చెప్పింది. నాకు అలాంటి మనిషే కావాలి. సోమవారం దాకా ఎందుకు, ఇవాళే చేరు. ఒక్కటే మాట. ఆ కార్డువాడెవడో గానీ, ఎప్పటికీ మా గేటు లోపలికి రాకుండా చూడు."

"అలాగేనండి" అంది జయమణి.

మధ్యాహ్నం రెండింటికి ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ జాగ్రత్తగా మూసింది.