పటేల్ బదులు ప్రమాణం

ఇబ్రహీంపట్నం ప్రజాభ్యుదయ సంఘం ఇకమీదట తన నాయకుల నడవడిని తానే విచారిస్తుందని ఊరంతా డప్పు కొట్టించారు. ఎంత పెద్ద నాయకుడైనా సరే, ఫిర్యాదు వస్తే నలుగురి ముందు గొంగడి మీద కూర్చుని జవాబు చెప్పాల్సిందే. గొంగడి మీద అబద్ధమాడినవాడి వంశం నిలవదని అక్కడివారి నమ్మకం. నిజాం సర్కారు ఏలుబడిలో ఇంత ధైర్యమైన కట్టుబాటు ఇంకెక్కడా లేదట. సంఘం వారే చెప్పారు కనుక మనం నమ్మాలి.

"మొదలు నన్నే కూసోబెట్టుండ్రి!" అని సంఘం పెద్ద శ్రీపాల్ రెడ్డి పటేల్ ఖద్దరు కండువా సవరించుకుని గర్జించాడు.

"పటేల్ తర్వాత నేను!" అన్నాడు సంఘంలోనే ఎదుటి జట్టు నాయకుడు, పట్వారీ కిష్టారావు.

వీళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటివాళ్లు ఒకే మాట మీద నిలబడేసరికి కిరాణా కొట్టు అంజిలయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. విచారణ కమిటీకి తననే పెద్దగా చేసేసరికి ఆ నీళ్లు చెంపల మీదికి కూడా జారాయి. వెంటనే ఇంటికి పోయి ఉన్నవాటిలో మంచి గొంగడి దులిపి ఎండలో వేశాడు.

అది దండెం మీద ఉండగానే మల్లేశయ్య, సుక్కమ్మ వచ్చారు. కాస్తంత మెట్ట చెలక, ఒక జత ఎడ్లు, అంతే ఆ ఆలుమగల ఆస్తి.

"అన్నా, పటేల్ మనుషులు మా ఎడ్లను, బండిని వెట్టికి పట్టుకపోయిండ్రు," అన్నాడు మల్లేశయ్య. "మీటింగుకు మందిని తేవాల్నన్నరు. మీటింగు అయిపాయె, ఇంక ఇడుస్తలేరు. పటేల్ బాయి కాడ మోట కొట్టిస్తున్నరు."

"ఏం మీటింగు?"

"వెట్టి వద్దనే మీటింగే."

అంజిలయ్య దండెం మీది గొంగడిని ఇటు నుంచి అటు తిప్పి వేశాడు.

"మిర్గం కార్తె నెత్తి మీదికొచ్చె," అంది సుక్కమ్మ. "ఇప్పుడు దున్నకుంటే ఏడాదంత మా పిల్లలు ఏం తినాలె? పటేల్‌ను గొంగడి మీద కూసోబెడతవా, లేకుంటే దాన్ని నువ్వే కప్పుకొని పంటవా?"

రోషమొచ్చి అంజిలయ్య నేరుగా పట్వారీ దగ్గరికి పోయాడు. శత్రువు దొరికాడంటే ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాడు. పట్వారీ మాత్రం తన మిరపతోట వైపు చూశాడు. అక్కడ కూలి లేకుండా కలుపు తీస్తున్న ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తడం లేదు.

"ఇయ్యాల పటేల్ కూసుంటే, రేపు గొంగడి ఖాళీగ ఉంటదా అంజిలయ్యా?" అన్నాడు.

ఆ సాయంత్రం అంజిలయ్య కళ్లముందే పటేల్, పట్వారీ ఒకే పళ్లెంలోంచి తమలపాకులు తీసుకున్నారు. ఊరి క్షేమం కోసం ఎంతటి పగనైనా మింగేయగల మహానుభావులు మరి.

"కూసోనని నేనంటలే," అన్నాడు పటేల్. "నా మోకాళ్లంటున్నయి."

"ఇంకొకన్ని కూసోబెట్టరాదు?" అన్నాడు పట్వారీ. "పటేలా, నాగలి నువ్వు పట్టినవా? నీళ్లు నువ్వు తోడినవా? అన్నీ మనుషులే చేస్తరు. ప్రమాణం జేసుడు గూడ పనే గద!"

"మరి బదులు కూసున్నోని మాట..." అని నసిగాడు అంజిలయ్య.

"పటేల్ మాటే. ఫికర్ జెయ్యకు."

నాయకుడి బదులు వెట్టి మనిషి కూర్చోవచ్చన్న కొత్త నియమం ఏకగ్రీవంగా నెగ్గింది. అంజిలయ్య ఇంకా ఏదో అనబోయాడు. 'ప్రధాన విచారణకర్త' అని బిరుదిచ్చి, చేతుల కుర్చీ వేశారు. కూర్చున్నాడు.

విచారణ రోజు చావడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పటేల్ పడక కుర్చీలో వాలాడు. గొంగడి ఖాళీగా ఉంది. వంతు ప్రకారం మనుషులను వెట్టికి పట్టుకొచ్చే సుంకరి మల్లాను పటేల్ పిలిచాడు.

"ఇయ్యాల వంతు ఎవనిది?"

"మల్లేశయ్యది, పటేలా."

జనంలో ఉన్న మల్లేశయ్యను మల్లా రెక్క పట్టుకుని లాక్కొచ్చి గొంగడి మీద కూలేశాడు. కట్టుబాటు కట్టుబాటే.

"శ్రీపాల్ రెడ్డి పటేలా!" అని అంజిలయ్య గంభీరంగా మొదలుపెట్టాడు. "మల్లేశయ్య ఎడ్లను నువ్వు వెట్టికి పట్టినవా, లేదా?"

మల్లేశయ్య వెనక్కి తిరిగి పటేల్ వైపు చూశాడు.

"అటు గాదు, నిన్నే అడుగుతున్న," అన్నాడు అంజిలయ్య.

మల్లేశయ్య కింద గొంగడిని చేత్తో తడిమాడు. పిల్లలున్నవాడు, వంశం మీద భయమున్నవాడు.

"అవ్, పట్టిన," అన్నాడు. "మీటింగు పేరు జెప్పి పట్టుకపోయిన. ఇంక ఇడువలే. తప్పే."

జనం గొల్లున నవ్వారు. సుక్కమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎడ్లను తోలుకురావడానికి కొంగు బిగించి లేచింది. పటేల్ ముఖం మాడిపోయింది. పట్వారీ మాత్రం తాపీగా పొడుం పీల్చాడు.

"తప్పు ఒప్పుకున్నడు. ఎవడు? గొంగడి మీద కూసున్నోడు. శిక్ష గూడ వానికే."

"మాట పటేల్‌దంటిరి గద?" అన్నాడు అంజిలయ్య.

"మాట పటేల్‌దే. తప్పు మల్లేశయ్యది."

తప్పు చేసిన నాయకుణ్ణి సంఘం నుంచి తీసేయాలని నియమం. మల్లేశయ్య సంఘంలోనే లేడు. కాబట్టి ముందు కండువా కప్పి చేర్చుకుని, తర్వాత కండువా లాక్కుని తీసేశారు. ఎడ్లను వెట్టికి పట్టే బుద్ధి ఉన్నవాడి చేతికి ఎడ్లివ్వడం ప్రమాదమని వాటిని పటేల్ దగ్గరే ఉంచారు. "మా సంఘంల తప్పు జేసినోన్ని, ఎవన్నైన సరే, ఇడిసిపెట్టం!" అన్నాడు పటేల్. రెండు జట్లూ కలిసి చప్పట్లు కొట్టాయి.

ఈ కీర్తి మహేశ్వరం దాకా పాకింది. అక్కడా అలాంటి కమిటీ పెట్టించమని అంజిలయ్యకు పిలుపొచ్చింది. పటేల్ దయతలచి బండి కట్టించాడు. ఎడ్లు మల్లేశయ్యవి. తోలే వంతూ మల్లేశయ్యదే.

మిర్గం వాన పడి నేల పదునెక్కింది. ఊరు దాటాక ఎడ్లు తమంతట తామే ఒక చెలక పక్కన ఆగిపోయాయి. చెలకలో సుక్కమ్మ ఒక్కతే పారతో తవ్వుతోంది. తలెత్తి చూడలేదు. అంజిలయ్య మొహం అటు తిప్పుకున్నాడు. చెప్పబోయే ఉపన్యాసం ఒకసారి మననం చేసుకుంటే కొంచెం నయమనిపించింది.

"ఆగినవేంది మల్లేశా? సభకు టైమైతుంది. కొట్టు, జర గట్టిగ కొట్టు!"

మల్లేశయ్య బండి దిగాడు. ముల్లుగర్ర చేతిలో పట్టుకుని, ఎడ్ల వైపు పోకుండా వెనక్కి నడిచొచ్చి అంజిలయ్య ముందు నిలబడ్డాడు.

"ఎవర్ని కొట్టాల్నే, అన్నా?"