తొమ్మిది నిమిషాల బెడ్డు

ఆ ఉదయం హెడ్ నర్సు వేసుకున్న పథకం చాలా చిన్నది. బెడ్డు ఖాళీ అయిన ఇరవై నిమిషాల్లోగా అందులో కొత్త పేషెంటును పడుకోబెట్టాలి. ఆసుపత్రుల పనితీరు కొలిచే పరిశోధకుడు స్టాప్‌వాచీ పట్టుకుని ఆమె వార్డుకే వస్తున్నాడు మరి. ఆయన రిపోర్టు బాగుంటే, రెండేళ్లుగా ఆమె మొత్తుకుని అడుగుతున్న ఇద్దరు అదనపు నర్సులు దొరికినట్టే. ఉన్న నలుగురితో ముప్పై మందిని చూసుకోలేక ఆమె పాదాలు వాచిపోతున్నాయి.

"బెడ్డు ఖాళీగా కనబడితే చాలు, క్షణంలో దుప్పటి మారిపోవాలి!" అని ఆయాకు నూరిపోసింది.

ఆయా అసలే ఉత్సాహం పట్టలేని మనిషి. మూడో నంబరు బెడ్డు ఖాళీగా కనబడిందో లేదో దుప్పటి లాగేసి, పరుపు తుడిచేసి, గుమ్మంలో స్ట్రెచర్ మీద ఎదురుచూస్తున్న వంటమాస్టరును, ఆయన విరిగిన కాలితో సహా, ఎక్కించేసింది.

"తొమ్మిది నిమిషాలు! ఇరవై ఆసుపత్రులు తిరిగాను, ఎక్కడా చూడలేదండీ!" అన్నాడు పరిశోధకుడు.

హెడ్ నర్సు గాల్లో తేలిపోయింది. సరిగ్గా అప్పుడే మూడో నంబరు పేషెంటు, రిటైరైన లెక్కల మాస్టారు, ముఖం తుడుచుకుంటూ బాత్రూమ్‌లోంచి వచ్చారు.

"ఏమ్మా, నా బెడ్డు మీద ఈయనెవరు?"

హెడ్ నర్సు గబగబా ఆయనకు అడ్డం వెళ్లింది. "మెల్లిగా మాస్టారూ! మీకు కిటికీ పక్కన ఇస్తున్నాం, రండి రండి!" అంటూ, ఎక్స్‌రేకు వెళ్లిన లారీ డ్రైవరు బెడ్డు మీదికి నడిపించింది. ఆయా అక్కడా దుప్పటి మార్చేసింది.

"ఎనిమిది!" పరిశోధకుడు ఎగిరి గంతేశాడు. ఆయన కళ్లు వాచీ మీద తప్ప మనుషుల మీద లేవు.

డ్రైవరు తిరిగొచ్చాడు. ఆపరేషను తర్వాత నడక సాధనకు వెళ్లిన దర్జీ బెడ్డులోకి అతన్ని తోశారు. "ఏడు!" దర్జీ వచ్చాడు. ఈలోగా వంటమాస్టరును కట్టు వేయడానికి తీసుకెళ్లారు కాబట్టి దర్జీకి మూడో నంబరు దక్కింది. "ఆరు!" కట్టుతో తిరిగొచ్చిన వంటమాస్టరు మాత్రం స్ట్రెచర్ మీద వరండాలో చక్కర్లు కొడుతూ ఉండిపోయాడు.

ఇంతలో ఒక నర్సు డ్రైవరుకు ఇవ్వాల్సిన ఇంజెక్షను పట్టుకుని మాస్టారి చెయ్యి తుడుస్తూ కనబడింది. హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఆపు! ఆయన డ్రైవరు కాదు, మాస్టారు!" ఒక్క దూకులో సూది లాక్కుంది. ఇక దాచలేకపోయింది. "సార్, ఇవాళ ఇక్కణ్ణుంచి ఒక్కరూ ఇంటికెళ్లలేదు. ఉన్నవాళ్లనే గుండ్రంగా తిప్పాం. మీరు రాసిందంతా కొట్టేయండి!"

పరిశోధకుడు తను రాసుకున్న అంకెలు మళ్లీ చూసుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక్కరూ వెళ్లకుండానే నాలుగుసార్లు బెడ్లు ఖాళీ చేసి నింపారా! ఇది ఇంకా గొప్ప సామర్థ్యమండీ!"

మూడో రోజుకల్లా పై అధికారుల నుంచి కాగితం వచ్చింది. ఇంత చురుకైన వార్డుకు నలుగురు నర్సులు ఎక్కువట, ఇద్దరిని వెంటనే కింది అంతస్తుకు పంపాలట. హెడ్ నర్సు కుర్చీలో కూలబడి ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది.

దిండు చంకన పెట్టుకుని బాత్రూమ్‌కు బయల్దేరిన మాస్టారు ఆగి, ఆమె భుజం మీదుగా కాగితం చూశారు.

"మీరడిగిందీ ఇద్దరినే కదమ్మా? అంకె సరిపోయింది. కూడికకు బదులు తీసివేత చేశారంతే."