నాలుగో అంతస్తు మందు

ఆస్తమా అనే వ్యాధి ఇక లేదని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మా వీధి చివరి మొక్కల మందుల పరిశోధన కేంద్రం వారు ఒకానొక తీగ ఆకులోంచి సారం తీశారు. బిగుసుకుపోయిన ఊపిరి గొట్టాలను అది వదులు చేస్తుందట. పరీక్షకు హాజరైనవాళ్లలో గుణం కనిపించనివాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ఈ ఘనత వెనక చక్కని ఏర్పాటు ఉంది. మందు పోసేది నాలుగో అంతస్తులో. లిఫ్టు లేకపోలేదు. ఆకు నీడపట్టున ఆరాలి కాబట్టి లిఫ్టును ఆకు బస్తాలకు కేటాయించారు. మెట్లెక్కి రాగలిగినవాళ్లకు మందు పోసి, అరగంట కూర్చోబెట్టి, ఆయాసం తగ్గిందని రాసుకుంటారు. మధ్యలో చతికిలబడ్డవాళ్లు హాజరు కానట్టే లెక్క. హాజరే కానివాడికి మందు పని చెయ్యలేదని ఎలా అంటాం చెప్పండి?

మా బాబాయి టైలరు. బట్టల నూగు పీల్చి పీల్చి ఛాతీలో పిల్లికూతలు తెచ్చుకున్నాడు. మిషను తొక్కితే ఆయాసం, తొక్కకపోతే ఇల్లు గడవదు. ఈ మందు మీదే ఆశలన్నీ పెట్టుకుని వెళ్లినప్పుడల్లా రెండో అంతస్తులో కూలబడి వెనక్కి వచ్చేవాడు. మందు కిందికి పంపమని నేను డైరెక్టరుగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కుర్చీలోంచి లేచి మరీ ఉపన్యసించారు.

"సైన్సు రోగి దగ్గరికి నడిచి వెళ్లదు బాబూ. రోగే సైన్సు దగ్గరికి రావాలి. అదీ సొంత కాళ్ల మీద!"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు మండిపోయింది.

మర్నాడు నేనూ తమ్ముడూ బాబాయిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశాం. పైకి చేరేసరికి మా ఇద్దరి నాలుకలూ బయటికొచ్చాయి. డాక్టరుగారు ముగ్గుర్నీ నిదానంగా పరిశీలించారు. పెద్దాయన మెట్లు ఎక్కలేదు కనుక అర్హత లేదన్నారు. మేమిద్దరం ఎక్కాం, పైగా రొప్పుతున్నాం కనుక నూటికి నూరుపాళ్లూ అర్హులమన్నారు. రోగులం మేము కాదు మొర్రో అందామంటే ఊపిరి అందితేగా! నోరు తెరిచాం కదా అని మందు పోసేశారు. పరమ చేదు. అరగంటకు మా రొప్పు తగ్గింది. ఫొటోలు తీశారు. బాబాయిని పిల్లికూతలతో సహా కిందికి మోసుకొచ్చాం.

పొద్దున్నే పేపర్లో మా మొహాలు. "ఆకు మందుతో అన్నదమ్ములకు కొత్త ఊపిరి" అని పెద్దక్షరాలు. వీధి వీధంతా వచ్చి ఏం పథ్యం చేశామని అడిగింది. మాకు ఆస్తమా ఎప్పుడొచ్చిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని వార్తంతా కూడబలుక్కుని చదివాడు. మందు అంత బాగా పనిచేస్తోంది కాబట్టి ఇంకోసారి మొయ్యమన్నాడు. నాకసలు ఆస్తమా ఎక్కడుందని గయ్యిమన్నాను.

"ఉండే ఉంటుందిరా. లేకపోతే పేపర్లో ఎందుకు వేస్తారు? చల్లనీళ్లు తాగకు" అని, తను పీల్చుకునే ఇన్హేలరు తీసి నా జేబులో పెట్టాడు.